నిండుకున్న నూకలు

"మిల్లులో నూకలు నిండుకున్నాయంట అమ్మాయ్" అంటూ మా అత్త ఖాళీ గోతాన్ని అరుగు మీద పడేసి కూలబడింది. నేను నమ్మలేదు. మా వైపు ఏ కాలువ గట్టెక్కి చూసినా వరి తప్ప ఇంకోటి కనపడదు. కోతలయ్యాక మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరతాయి. బియ్యం ఆడే చోట నూకలు లేవంటే పెళ్లింట్లో విస్తళ్లు లేవన్నట్టే. పెద్దావిడ ఒంటరిగా వచ్చిందని గుమాస్తా తిప్పి పంపేసి ఉంటాడని నాకు ఒళ్లు మండింది. నాకు ఒళ్లు మండటం పెద్ద విశేషమేమీ కాదు, కావలిలో మా పుట్టింటివాళ్లు నన్ను అగ్గిపెట్టె అనే పిలిచేవాళ్లు. ఆ గోతమే చంకన పెట్టుకుని, అత్తను వెంటబెట్టుకుని మళ్లీ మిల్లుకు పోయాను.

మిల్లు ఆవరణలో నూకలు లేకేం, బస్తాలు బస్తాలు పేర్చి ఉన్నాయి. హమాలీలు వాటిని లారీకి ఎత్తుతున్నారు.

"ఇవేందబ్బయా మరి?" అని అడిగాను గుమాస్తాని.

"అవి మనవి గాదక్కా. మొత్తం ఫ్యాక్టరీకి మాట్లాడేసినారు. గుప్పెడు కూడా బైటికి ఇయ్యొద్దని మా ఓనరు చెప్పినాడు" అన్నాడతను.

"ఫ్యాక్టరీకి నూకలెందుకు? వాళ్లేమన్నా కోళ్లు మేపతారా?" అంది మా అత్త.

"కోళ్లు గాదు పెద్దమ్మా. నూకల్ని ఉడకేసి, పులియబెట్టి స్పిరిట్టు తీస్తారు. దాన్ని పెట్రోల్లో కలపతారు. అదో, ఆ మోటారుసైకిల్ ఉండాదే, దాని కడుపులో కూడా కొంచెం నూకలుంటాయి."

మా అత్త గోడకు ఆనించి ఉన్న మోటారుసైకిల్ వైపు కాసేపు చూసింది. "దానికి పులుసు కూడా పోస్తారా?" అంది. గుమాస్తా పడీపడీ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

మా అత్తకు మైపాడు పోయే రోడ్డు మీద సంగటి కొట్టు ఉంది. పైన రేకులు, కింద రెండు బల్లలు, వెనక కట్టెల పొయ్యి, అంతే. మామ పోయినప్పుడు కొడుకు చేతికి ఇంకా అందిరాలేదు, ఉన్న కాస్త పొలం ఇల్లు నడపడానికి చాలలేదు. అప్పుడు పెట్టిన కొట్టది. పొద్దున్నే ఒడ్డుకొచ్చిన పడవల వాళ్లు, వలలు బాగుచేసేవాళ్లు, చేపల బుట్టలతో బస్సు కోసం ఎదురుచూసే ఆడవాళ్లు అక్కడే తినేవాళ్లు. నూకలు మెత్తగా ఉడికాక రాగిపిండి పోసి, తెడ్డుతో గట్టిగా గెలికి, తడిచేత్తో ముద్ద కట్టి, కానాగంత చేపల పులుసు పోసి ఇస్తే పడవ మనిషికి మధ్యాహ్నం దాటేదాకా ఆకలన్నది తెలియదు. కూలి సరిగ్గా దొరకని వాళ్లు కూడా కొనుక్కుని తినగలిగిన తిండి అది. కారణం నూకలే. బియ్యం కంటే అవి ఎప్పుడూ చౌక.

ఆ కొట్టంటే ఆమెకు ప్రాణం. పొలం కొడుకు పేరు మీద ఉంది, ఇల్లు నా చేతిలో ఉంది, కొట్టు మాత్రం ఆమెది. "భూమ్మింద నాకు నూకలున్నన్నాళ్లూ పొయ్యి ఆరనీను" అనేది. ఎవరన్నా ఇంకా ఎందుకమ్మా ఈ వయసులో పొగ అంటే కసురుకునేది. నాతో కూడా ఆమె నవ్వుతూ మాట్లాడింది ఇంట్లో కంటే ఆ పొయ్యి దగ్గరే ఎక్కువ.

నిండుకున్నాయి అన్న మాట గురించి ఇక్కడ చెప్పాలి. మా అత్త నోట బియ్యం లేవు, నూకలు లేవు అన్న మాట రాదు. పాత ఇళ్లలో అది అందరికీ అలవాటే కానీ ఈమెది మరీ పట్టింపు. డబ్బా అడుగంటినా నిండుకుంది అనాల్సిందే. నేను కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో దీపాలు పెట్టే వేళ వంటింట్లోంచి "అత్తా, బియ్యం అయిపోయాయి" అని కేకేశాను. ఆమె పరుగున వచ్చి నా నోటి మీద చెయ్యి పెట్టింది. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారట, లేవు అంటే లేకుండానే చేస్తారట. "మీ కావలోళ్లకి నోట్లో మంచి మాటే రాదా?" అని మా ఊరి మొత్తాన్నీ కలిపి తిట్టింది. దేవతలకి నా వంటింట్లో ఏం పనని నేను గొణుక్కున్నాను గానీ, ఆ తర్వాత నాకూ నిండుకోవడమే అలవాటైంది.

సరే, నూకలు లేకపోతే బియ్యంతో చేసుకోరాదా అని చెప్పడం సులువు. మా అత్త అదీ చూసింది. బియ్యం తిరగల్లో వేసి, బంగారం లాంటి గింజను తన చేత్తోనే విరగ్గొట్టి నూక చేసింది. తిరగలి తిప్పుతూ ఏడ్చింది. ఆ సంగటి అమ్మాలంటే ధర పెంచాలి, పెంచితే తినేవాళ్లు బల్ల దాకా వచ్చి రేటు విని వెనక్కి తిరుగుతున్నారు. ఊళ్లో తిరిగే ఆటోలో రేషను స్టోరు బియ్యం దొరుకుతాయి, కొనుక్కోమని ఒకావిడ సలహా ఇచ్చింది. "లేనోళ్ల నోటికాడివి కొని లేనోళ్లకి అమ్మేదానికి నాకేం పొయ్యేకాలమా?" అని ఆమెను కొట్టు దాకా కూడా రానివ్వలేదు.

ఇంట్లో ఇంకో చిక్కుంది. మా ఆయనకు ఫ్యాక్టరీ మీద కోపం లేదు. అంతకు ముందు కోతల్లో వాన పడి ధాన్యం కళ్లంలోనే తడిసింది, గింజ రంగు మారింది. ఫ్యాక్టరీ రాకముందైతే అలాంటి ధాన్యం వైపు ఎవరూ చూడరు. మిల్లు యజమాని దాన్ని కూడా తీసుకున్నాడు, ఫ్యాక్టరీకి రంగుతో పనిలేదు కాబట్టి. "ఆ ఫ్యాక్టరీనే లేకుంటే ఆ యేడు మనం ఏం తినేవాళ్లం?" అని ఆయన అడిగేవాడు. ఆయన మాట అబద్ధం కాదు. మా అత్త ఖాళీ గోతమూ అబద్ధం కాదు. పక్కపక్కనే కూర్చుని తల్లీకొడుకులు మాట్లాడుకోకుండా తినేవాళ్లు, మధ్యలో నేను పులుసు వడ్డించేదాన్ని.

ఇంతలో ఫ్యాక్టరీని ఇంకా పెద్దది చేస్తారని, జనం ఏమంటారో వినడానికి బడి ఆవరణలో సభ పెడతారని దండోరా వేశారు. పెద్దదైతే చుట్టుపక్కల ఏ మిల్లులోనూ నూక మిగలదని అందరికీ తెలుసు. ఆడవాళ్లంతా మా కొట్టు దగ్గర చేరి, నువ్వే మాట్లాడాలని అత్తను పట్టుకున్నారు. మూతి ముడుచుకున్నట్టు కనిపించింది గానీ ఆమెకు లోపల సంతోషమే. ఎవరి ఇంట్లో ఏమి కరువో పేరుపేరునా అడిగి తెలుసుకుంది. గంజి కాచడానికి లేని బాలింతలు, కోళ్లకు చల్లడానికి లేని వాళ్లు, నూకల ఉప్మాతోనే రాత్రి గడిపే ముసలివాళ్లు, అందరినీ గుర్తుపెట్టుకుంది.

సభకు ముందు రోజు మిల్లు యజమాని కొట్టుకొచ్చాడు. ఎన్నడూ రాని మనిషి బల్ల మీద కూర్చుని సంగటి అడిగి తిన్నాడు. బాగుందని మెచ్చుకున్నాడు. చేయి కడుక్కుంటూ అసలు సంగతికొచ్చాడు.

"అక్కా, నెలనెలా నీ కొట్టుకి కావాల్సిన నూకలు నేను పక్కన పెట్టిస్తాలే. పాత రేటుకే. నీ కడుపు కొట్టి నేను బాగుపడతానా?"

"మంచి మాట చెప్పినావు తమ్ముడా" అంది మా అత్త.

"రేపు సభలో మాత్రం జాగర్తగా మాట్లాడు. నీ కొడుకు ధాన్యం తడిసినప్పుడు నేనే గదా తీసుకునింది. మళ్లీ వానలు రావని యాడుండాది?"

బెదిరింపు అనడానికి వీల్లేదు. గొంతులో చక్కెర కలిపి చెప్పాడు. అతను పోయాక మా అత్త పొయ్యిలో కట్టెను ముందుకు తోసింది, వెనక్కి లాగింది, మళ్లీ తోసింది. నేనుండబట్టలేక "ఏం చేస్తావు అత్తా?" అన్నాను. "నాకు దొరికితే చాలంటావా అమ్మాయ్?" అంది. నేను చాలు అనలేదు, చాలదు అనలేదు. కొట్టు మూతపడితే ఆమె ఏమైపోతుందో అన్న భయం నాకు నిజంగానే ఉంది. అంత కోపిష్టిదాన్ని నేను, ఆ పూట నాకు కోపం కూడా రాలేదు.

బడి ఆవరణలో షామియానా వేశారు. ముందు పోలీసులు, ఒక పక్క పులిహోర పొట్లాలు, ఇంకో పక్క ఉద్యోగాలొస్తాయని ఆశతో వచ్చిన మగపిల్లలు. వేదిక మీద అధికారి ఒక చిన్నవాడు, ఎక్కడో ఉత్తరాదివాడట. పాపం తెలుగు శ్రద్ధగా నేర్చుకున్నాడు. పాఠ్యపుస్తకంలోంచి లేచి వచ్చినట్టు మాట్లాడినా ప్రతివాళ్లకీ నమస్కారం పెట్టి, చెప్పింది తలవంచి వింటున్నాడు. పక్కనే ఫ్యాక్టరీ మనుషులు, మిల్లుల తరఫున మా మిల్లు యజమాని. వాసన గురించి కొందరు, నీళ్ల గురించి కొందరు, ఉద్యోగాల గురించి కొందరు మాట్లాడేసరికి పొద్దు పడమటికి వాలిపోయింది. అప్పుడు మా అత్తను పిలిచారు.

ఆమె మైకు రెండు చేతులా పట్టుకుంది. మా ఆయన నా పక్కనే నిలబడి పళ్లు బిగించుకుని చూస్తున్నాడు.

"అయ్యా, నేను సంగటి కొట్టు పెట్టుకున్నదాన్ని" అని మొదలుపెట్టింది. "నా కొట్లో నూకలు నిండుకున్నాయి. నా ఒక్కదాని కొట్లోనే గాదు. మా ఊళ్లో ఏ ఇంట్లో చూసినా నిండుకున్నాయి. ఇట్టా ఎప్పుడూ నిండుకోలేదు. ఆ సంగతి మీకు చెప్పుకుందామనే వచ్చినా."

మిల్లు యజమాని చెప్పిన జాగర్త ఆమె పాటించలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. నేను ఊపిరి పీల్చుకునేలోపే అధికారి ముఖం వికసించింది.

"చాలా సంతోషం అమ్మగారూ" అన్నాడు. "ప్రతి ఇంట్లో నూకలు నిండుగా ఉన్నాయి. అంటే ఇక్కడ కొరత లేదు. మీరు ధైర్యంగా వచ్చి చెప్పినందుకు ధన్యవాదాలు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నిండు అంటే నిండు అనే కదా ఆ అబ్బాయికి పుస్తకం చెప్పింది. అతని తప్పేముంది? కానీ వేదిక మీద మిగతా వాళ్లంతా మా వాళ్లే, ఉగ్గుపాలతో తెలుగు తాగినవాళ్లే. ఒక్కరూ నోరు విప్పలేదు. పైగా మిల్లు యజమాని మైకు అందుకున్నాడు.

"అక్క ఉన్న మాట చెప్పింది సార్. మా ఊళ్లల్లో ఎప్పుడు చూసినా నిండుకునే ఉంటాయి. మాది అన్నపూర్ణ లాంటి జిల్లా."

ఈసారి నవ్వు గట్టిగా వచ్చింది. ఉద్యోగాల కోసం వచ్చిన మగపిల్లలు చప్పట్లు కొట్టారు. అధికారి కూడా, అందరూ సంతోషంగా ఉన్నారనుకుని, చిరునవ్వు నవ్వాడు. నేను కేకలేయబోతూ లేచాను. మా ఆయన నా మోచేయి పట్టుకుని "ఊరుకో. అమ్మ చెప్పాల్సింది చెప్పేసింది. వాళ్లు తప్పుగా వింటే మనదేం పోయింది? నూకలూ వస్తాయి, ధాన్యమూ అమ్ముడు పోతది" అన్నాడు చెవిలో.

అక్కడే నాకు సంగతి బోధపడింది. అలా వదిలేస్తే మా ఇంట్లో అందరికీ మంచిదే. ఆమె ఆడవాళ్లకిచ్చిన మాట తప్పలేదు. మిల్లు యజమాని మీద ఒక్క మాటా అనలేదు. కొట్టు నిలుస్తుంది. కిందికి దిగి రావడమే తరువాయి. మా అత్త కూడా మైకు ఇచ్చేసి ఒక మెట్టు దిగింది. మిల్లు యజమాని ఆమెకు రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారం పెట్టకుండా ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు.

ఆమె ఆగిపోయింది. ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్లను చూసింది. ఊళ్లో లైట్లు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి, సరిగ్గా దీపాల వేళ. ఆమె కళ్లు ఒకసారి పైకి కూడా పోయాయి. మళ్లీ మెట్టెక్కి మైకు లాక్కుంది.

"నాయనా, నువ్వు మంచోడివి. నీకు తెలవక అంటా ఉండావు. నిండుకున్నాయంటే నిండుగా ఉండాయని గాదు."

"మరి, అమ్మగారూ?"

మా అత్త పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. పవిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, తీసేసింది. నేనైతే ఆ మాట కొత్త కోడలిగా ఉన్నప్పుడే అరిచి చెప్పినదాన్ని. ఆమె తరఫున ఇప్పుడు కూడా చెప్పేయగలను. కానీ అది ఆమె నోటితోనే రావాలి.

"లేవు" అంది. "లేవు నాయనా. నూకల్లేవు. నా కొట్లో లేవు, ఈళ్ల ఇళ్లల్లో లేవు. అన్నీ ఆ ఫ్యాక్టరీకే పోతా ఉండాయి. ఈ మిల్లాయనే పంపిస్తా ఉండాడు. లేవు."

నవ్వినవాళ్లెవరూ మళ్లీ నవ్వలేదు. అధికారి కాగితం ముందుకు లాక్కున్నాడు. "మరి నిండుకున్నాయి అని ఎందుకు అన్నారు?" అని చిన్నగా అడిగాడు.

"లేదంటే నిజంగానే లేకుండా పోతదని మాకు బయ్యం నాయనా."

అతను తల దించుకుని రాసుకున్నాడు. రాసుకోవడం నేను చూశాను. మిల్లు యజమాని వైపు కూడా ఒకసారి చూశాడు. ఆ వేదిక మీద ఆ అబ్బాయి ఒక్కడే మా అత్తకు లేచి నమస్కారం పెట్టాడు.

ఇంటికొచ్చేదాకా మా ఆయన తల్లితో మాట్లాడలేదు. ఆమె దేవుడి దగ్గర దీపం పెట్టి, కాళ్లు చాపుకుని కూర్చుని, "నోరారా అనేసినా అమ్మాయ్" అంది. మంచిపనే చేశావన్నాను. ఆమె చెయ్యి పట్టుకోవాలనిపించింది, పట్టుకున్నాను. మా ఇద్దరి మధ్య అలాంటివి లేవు మామూలుగా. ఆమె కూడా విడిపించుకోలేదు. ఆ రాత్రి నేను ఆమెను చూసి గర్వపడ్డాను, ఆమె కోసం భయపడ్డాను, రెండూ ఒకేసారి.

తర్వాత జరిగింది ఎవరైనా ఊహించేదే. మిల్లు గేటు లోపలికి కూడా అత్తనూ నన్నూ రానివ్వలేదు. మా ఆయన ధాన్యం తీసుకెళితే తేమ ఉందన్నారు, తాలు ఉందన్నారు, కొంత తీసుకుని మిగతాది వెనక్కి పంపారు. ఆయన దాన్ని కావలి దాకా మోసుకుపోయి తెగనమ్ముకుని వచ్చాడు. తల్లిని మాత్రం ఒక్క మాట అనలేదు, ఆ విషయంలో ఆయనకు నేను ఎప్పటికీ బాకీ. సభలో రాసుకున్నది ఏమైందో మాకెవరూ చెప్పలేదు. హైవే మీద బస్సులో పోతుంటే ఫ్యాక్టరీ గోడ వెనక కొత్త ట్యాంకులు లేస్తూ కనిపించాయి.

మా అత్త కొంతకాలం ఎక్కడెక్కడి నుంచో నూకలు తెప్పించి లాక్కొచ్చింది. పొయ్యి ఒక పూటకు తగ్గింది. తర్వాత రోజు మార్చి రోజు అయింది. చివరికి ఒక పొద్దున నిద్ర లేచి, స్నానం చేసి, కొట్టుకు పోకుండా ఇంట్లోనే కూర్చుంది. అయినా మధ్యాహ్నాలు కొట్టు దగ్గరకు పోయి బల్ల మీద కూర్చునేది. అన్నం టిఫిన్ క్యారియర్‌లో పెట్టుకుని నేనూ పోయేదాన్ని, అక్కడే ఇద్దరం తినేవాళ్లం. ఇంట్లో ఉంటే గోడలు మీదపడుతున్నట్టుందనేది.

అలా కూర్చున్న ఒక మధ్యాహ్నం లారీ ఒకటి రోడ్డు దిగి కొట్టు ముందు ఆగింది. టార్పాలిన్ కట్టిన లోడు, బస్తాల మూలలు బయటికి పొడుచుకు వచ్చి ఉన్నాయి. డ్రైవరు దిగి, మొహం తుడుచుకుంటూ వచ్చాడు. చిట్టమూరు వైపు మనిషట.

"పెద్దమ్మా, ఈడ సంగటి బాగుంటాదని మా వోళ్లు చెప్పినారు. పొద్దున్నించీ మిల్లు కాడ లోడింగే సరిపొయ్యింది. ఆకలి చంపేస్తా ఉండాది. ఒక ముద్ద పెట్టు."

నాకు కోపం నెత్తికెక్కింది. మిల్లు, లోడు, అంతా నాకు అర్థమైపోయింది. కొట్టు మూసేశాం, పొమ్మని నోటిదాకా వచ్చింది. అత్త నా వైపు చూసి ఊరుకోమని చెయ్యి ఊపింది. క్యారియర్ విప్పి, మా ఇద్దరికని తెచ్చిన అన్నం మొత్తం పళ్లెంలోకి వంచింది, పులుసు పోసింది. అతను బల్ల మీద కూర్చుని ఆవురావురుమని తినసాగాడు. సగం తిన్నాక, సంగటి కాదని గమనించినట్టున్నాడు, నొచ్చుకుంటూ తలెత్తాడు.

"మీకని పెట్టుకుంది నాకు పెట్టేసినారా పెద్దమ్మా?"

"తిను నాయనా."

"సంగటి మానేసినారా మరి? అన్నీ ఉండే ఊరు గదా ఇది." లారీ వైపు బొటనవేలు చూపించాడు. "అదో, ఆ లోడంతా ఏందో తెలుసా మీకు?"

"తెలుసు" అంది మా అత్త. "నువ్వు ముందు కడుపు నిండా తిను."